మరణశిక్ష: హేగ్‌లో ఒక మాట, న్యూయార్క్‌లో ఒక మాట

(న్యాయశాస్త్ర విద్యార్థులు, యువ న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు తీసివేశాం తప్ప మాటలు మార్చలేదు.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలు ఖాళీగా వదిలేసి వెనక ఇరుక్కుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ప్రశ్న రూపంలో ఉంది. ఒక దేశం తన నేరస్తులకు మరణశిక్ష వేసుకుంటుంటే అంతర్జాతీయ చట్టం అందులో వేలు పెట్టాలా, వద్దా? ఆహ్వానపత్రంలో ప్రశ్నార్థకం కాస్త పెద్దదే వేశారు. నేను మొదట చెప్పదలచుకున్నది ఏమిటంటే, ఈ ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. వేలు పెట్టడం ఎప్పుడో అయిపోయింది. మన దేశంలోనే, మన కోర్టులోనే, మన ప్రభుత్వం చేతిరాతతోనే అయిపోయింది. నమ్మకం కుదరకపోతే 2017 సెప్టెంబరు 7న ముంబయిలో ఏం జరిగిందో చూడండి.

1993 మార్చి బాంబు పేలుళ్ల కేసు. 257 మంది చనిపోయారు. రెండో విడతగా విచారించిన నిందితులకు ఉగ్రవాద కేసులు చూసే టాడా ప్రత్యేక కోర్టు ఆ రోజు శిక్షలు వేసింది. తాహిర్ మర్చంట్‌కు ఉరి. ఫిరోజ్ ఖాన్‌కు ఉరి. అబూ సలేంకు యావజ్జీవం. ఒకే కేసు, ఒకే న్యాయమూర్తి, ఒకే రోజు. అబూ సలేం చేసింది తక్కువా? ఆయుధాలు చేరవేసినవాడు అతడు. మరి మెడ ఎలా దక్కింది? అతణ్ణి మనం పోర్చుగల్ నుంచి తెచ్చుకున్నాం, అందుకు దక్కింది. మామూలు నేరాలకు 1867లోనే మరణశిక్ష ఎత్తివేసిన దేశం అది. ఉరి తీయబోమని రాసిస్తే తప్ప మనిషిని ఇవ్వం అన్నారు. 2002 డిసెంబరులో రాసిచ్చాం. మరణశిక్ష వేయం, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచం అని. ఆ హామీ ఇచ్చింది ఎవరనుకున్నారు? అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ. ఉక్కుమనిషి అని పేరున్న నాయకుడు! నేను ఎగతాళి చేయడం లేదు. ఆయన చేసింది సరైన పనే. ఆ కాగితం లేకపోతే అబూ సలేం లిస్బన్‌లోనే ఉండిపోయేవాడు. 2022లో సుప్రీంకోర్టు కూడా ఇచ్చిన మాటకు కట్టుబడాల్సిందే అంది.

మన అప్పగింతల చట్టం తీసి చూడండి. 34-సి అని ఒక సెక్షన్ ఉంటుంది. నేరస్తుణ్ణి అప్పగించే దేశంలో ఆ నేరానికి మరణశిక్ష లేకపోతే మనం కూడా వేయకూడదు, యావజ్జీవంతో సరిపెట్టాలి. ఇది మన పార్లమెంటు చేసిన చట్టం. అంటే ఏమిటి? ఒక ముద్దాయి ఉరికంబం ఎక్కుతాడా లేదా అన్నది అతను ఏ విమానాశ్రయంలో పట్టుబడ్డాడన్న దాన్ని బట్టి ఉంటుందని మన చట్టమే ఒప్పుకుంది. సార్వభౌమత్వం గురించి మాట్లాడే ముందు ఈ సెక్షన్ ఒకసారి చదువుకోవాలి.

సరే, ఇది అవతలివాడు షరతు పెడితే మనం తలొగ్గిన సందర్భం. మనమే షరతు పెట్టిన సందర్భం చూద్దాం.

కుల్‌భూషణ్ జాదవ్ పేరు మీరు వినే ఉంటారు. మన నౌకాదళంలో పనిచేసిన మనిషి. 2016 మార్చిలో పాకిస్తాన్ పట్టుకుంది. గూఢచారి అంది. మనం కాదన్నాం. ఆ వివాదంలోకి నేను పోను. 2017 ఏప్రిల్‌లో అక్కడి సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. అప్పటిదాకా మన దౌత్య అధికారి ఒక్కరు కూడా అతని ముఖం చూడలేదు. పదేపదే అడిగాం, చూడనివ్వలేదు. అప్పుడు మే 8న హేగ్ నగరంలో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లాం. హరీశ్ సాల్వే ఒక్క రూపాయి ఫీజుకు వాదించారు. మే 18న ఉత్తర్వు వచ్చింది. మేము తుది తీర్పు చెప్పేదాకా ఈ మనిషిని ఉరి తీయకూడదు అని. పది రోజులు! మన దగ్గర పది రోజుల్లో నోటీసు కూడా అందదు. నవ్వుతున్నారంటే ప్రాక్టీసులో ఉన్నవారు ఇక్కడ బాగానే ఉన్నారన్నమాట.

ఏ ఆధారంతో ఆపింది? 1963 నాటి వియన్నా ఒప్పందం ఒకటుంది, దౌత్య కార్యాలయాల విధుల మీద. అందులో 36వ అధికరణం. పరాయి దేశస్తుణ్ణి అరెస్టు చేస్తే, నీ దేశపు అధికారులతో మాట్లాడే హక్కు నీకుందని అతనికి ఆలస్యం లేకుండా చెప్పాలి. అతను కోరితే వాళ్లకు కబురు పెట్టాలి. అంతే. గూఢచారులకు ఇది వర్తించదని పాకిస్తాన్ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. 2019 జులై 17న పదిహేను మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపు ఉండగా తుది తీర్పు వచ్చింది. పాకిస్తాన్ ఒప్పందం ఉల్లంఘించింది, శిక్షను మళ్లీ పరిశీలించాలి, అప్పటిదాకా ఉరి ఆపాలి. మనం శిక్ష రద్దు, విడుదల కూడా అడిగాం. అవి ఇవ్వలేదు. అది కూడా గుర్తుపెట్టుకోండి. నిర్దోషి అని ఆ కోర్టు ఎక్కడా అనలేదు. పద్ధతి తప్పారు, పద్ధతిగా చేయండి అంది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. మనకు పది రోజుల్లో దొరికిన ఆ ఉత్తర్వు వెనక ఇద్దరు జర్మన్ల చావు ఉంది. లాగ్రాండ్ సోదరులు, కార్ల్, వాల్టర్. చిన్నప్పుడే అమెరికా వెళ్లారు కానీ జర్మన్ పౌరులే. 1982లో ఆరిజోనాలో బ్యాంకు దోపిడీకి వెళ్లి ఒక మనిషిని చంపారు. 1984లో మరణశిక్ష. నీకు జర్మన్ అధికారులతో మాట్లాడే హక్కుంది అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. జర్మనీకి ఈ సంగతి తెలిసింది 1992లో. అదీ ప్రభుత్వం చెబితే కాదు. తోటి ఖైదీల ద్వారా తమకు అలాంటి హక్కుందని తెలుసుకుని ఆ అన్నదమ్ములే చెప్పుకుంటే తెలిసింది. 1999 ఫిబ్రవరి 24న కార్ల్‌ను చంపేశారు. మార్చి 2 సాయంత్రం జర్మనీ హేగ్‌కు పరుగెత్తింది. మార్చి 3న, ఆపండి అని కోర్టు ఉత్తర్వు. ఆ కాగితాన్ని అమెరికా విదేశాంగ శాఖ ఆరిజోనా గవర్నర్‌కు పంపింది. ఆపండి అని ఒక్క ముక్క రాయకుండా పంపింది. పైగా, ఈ ఉత్తర్వుకు కట్టుబడనక్కర్లేదని అమెరికా ప్రభుత్వ న్యాయాధికారి అక్కడి సుప్రీంకోర్టుకు చెప్పారు. ఆ రాత్రే వాల్టర్‌ను గ్యాస్ గదిలో కూర్చోబెట్టారు.

జర్మనీ అక్కడితో ఊరుకోలేదు. చనిపోయిన మనిషి కోసం రెండేళ్లకు పైగా కేసు నడిపింది. 2001 జూన్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం మొట్టమొదటిసారి స్పష్టంగా చెప్పింది. మా మధ్యంతర ఉత్తర్వులు సలహాలు కావు, కట్టుబడి తీరాలి అని. 2017లో మనం హేగ్‌లో ఈ తీర్పునే పట్టుకున్నాం. వాల్టర్ లాగ్రాండ్ కోసం వచ్చి అతనికి పనికిరాని ఉత్తర్వు జాదవ్‌కు పనికొచ్చింది. మరి అంతర్జాతీయ చట్టానికి పళ్లు లేవు అనే పెద్దలు ఈ వరుస ఒకసారి చూసుకోవాలి. పళ్లు లేవు నిజమే. మెల్లగా మొలుస్తున్నాయి.

ఇప్పుడు హేగ్ నుంచి న్యూయార్క్ వెళదాం. 2007 డిసెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక తీర్మానం చేసింది. మరణశిక్షల అమలును నిలిపి ఉంచండి అని. రద్దు చేయండి అని కాదు, నిలిపి ఉంచండి అని. అనుకూలం 104, వ్యతిరేకం 54, తటస్థం 29. ఆ 54లో భారత్ ఉంది. పాకిస్తాన్ కూడా ఉంది! హేగ్‌లో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు న్యూయార్క్‌లో ఒకే పక్షం. ఆ తర్వాత కూడా ఆ తీర్మానం మీద ఓటింగు జరుగుతూనే ఉంది, మనం వ్యతిరేకిస్తూనే ఉన్నాం. 2024 డిసెంబరు నాటికి అనుకూలం 130కి చేరింది, వ్యతిరేకం 32కి పడిపోయింది. మనం చెప్పే కారణం ఒకటే. తన న్యాయవ్యవస్థను నిర్ణయించుకునే సార్వభౌమ హక్కు ప్రతి దేశానికీ ఉంది.

మరి ఆ హక్కు పాకిస్తాన్‌కు లేదా? ఖతార్‌కు లేదా? 2023 అక్టోబరులో ఖతార్ కోర్టు మన నౌకాదళ మాజీ ఉద్యోగులు ఎనిమిది మందికి మరణశిక్ష వేసింది. అందులో ఒకరు మన విశాఖపట్నం వారు. ఆ రెండు నెలలు మనం ఏం చేశాం? వాళ్ల సార్వభౌమత్వం అని చేతులు కట్టుకుని కూర్చున్నామా? లేదు. అప్పీలు వేశాం, దౌత్యం నడిపాం. డిసెంబరు 28న శిక్ష తగ్గింది, ఫిబ్రవరిలో విడుదలయ్యారు. సంతోషం. కానీ తనదాకా వస్తే గాని తెలియదన్న సామెత దేశాలకు కూడా వర్తిస్తుందని ఒప్పుకోవాలి కదా.

మనమొక్కరమే కాదులెండి. 2015 ఏప్రిల్ 14న సౌదీ అరేబియా ఒక ఇండోనేసియా పనిమనిషి తల తీయించింది. ముందుగా ఒక్క మాట చెప్పలేదని ఇండోనేసియా నిరసన తెలిపింది. సరిగ్గా పదిహేను రోజులకు, ఏప్రిల్ 29న, అదే ఇండోనేసియా మాదకద్రవ్యాల కేసుల్లో ఎనిమిది మందిని వరుసగా నిలబెట్టి కాల్చింది. ఎనిమిదిలో ఏడుగురు విదేశీయులు. వాళ్ల ప్రభుత్వాలు ఎంత బతిమాలినా వినలేదు.

ఇంతకీ మనం దేనికి సంతకం పెట్టాం? పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక, 1966 నాటిది. ఆరో అధికరణం చదవండి. మరణశిక్షను నిషేధించదు. ఈ మాట చాలామందికి తెలియదు. ఉంచుకున్న దేశాలు ఎలా నడుచుకోవాలో చెబుతుంది. అత్యంత తీవ్రమైన నేరాలకే వేయాలి. 18 ఏళ్లలోపు చేసిన నేరానికి వేయకూడదు. గర్భిణిని ఉరి తీయకూడదు. క్షమాభిక్ష కోరే హక్కు ఉండాలి. నాలుగో అధికరణం ఇంకొక మాట అంటుంది. అత్యవసర పరిస్థితి ప్రకటించినా సరే, ఆరో అధికరణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

మనం ఇందులో ఎప్పుడు చేరామో చూడండి. 1979 ఏప్రిల్ 10. అంటే ఎమర్జెన్సీ ముగిసిన రెండేళ్లకు. మన హైదరాబాదులో, ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. 1975 డిసెంబరు 1న నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను అక్కడే ఉరి తీశారు. ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులు. ఆ తర్వాత 1976లో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో ప్రాణం తీసినా కోర్టుకు రావడానికి వీల్లేదన్నంత పనిచేసింది. 1978లో 44వ సవరణ తెచ్చి, ఇకమీద ఏ ఎమర్జెన్సీలోనూ జీవించే హక్కును కాపాడే రాజ్యాంగ 21వ అధికరణాన్ని సస్పెండు చేయడానికి వీల్లేదని రాసుకున్నాం. మరుసటి ఏడాదే ఒడంబడికలో చేరాం. కాబట్టి ఇది జెనీవాలో కోటు వేసుకున్నవాళ్లు మన నెత్తిన రుద్దినది అంటే నేను ఒప్పుకోను. మనకు దెబ్బ తగిలింది, మనమే తాళం వేసుకున్నాం.

వేసుకున్న తాళాన్ని మళ్లీ మనమే మరచిపోయాం. అది వేరే సంగతి. ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీ 2018లో వివరంగా చెప్పింది. అత్యంత తీవ్రమైన నేరం అంటే ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీయడమే, మాదకద్రవ్యాలు అందులోకి రావు అని. మన మాదకద్రవ్యాల చట్టంలో కొన్ని నేరాలకు రెండోసారి దొరికితే మరణశిక్ష వేయవచ్చన్న సెక్షన్ ఇప్పటికీ ఉంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. అత్యాచారానికి మరణశిక్ష, 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ, తీర్పు. ప్రాణం పోకపోయినా ఉరే. అది చట్టం కాలేదు. కానీ ఆ రోజు సభలో గాని, బయట గాని, మనం 1979లో ఇలా రాసిచ్చాం కదా అని అడిగినవారిని నేను చూడలేదు.

వెనక ఎవరో చెయ్యి ఎత్తారు. చివర్లో అడగండి అనను, ఇప్పుడే అడగండి, అమ్మా. బాధితుల మాటేమిటి అంటున్నారు. మంచి ప్రశ్న. తేలికైన జవాబు నా దగ్గర లేదు. రువాండా చూడండి. 1994లో అక్కడ మారణహోమం జరిగింది. భద్రతామండలి ప్రత్యేక ట్రిబ్యునల్ పెడుతుంటే రువాండా ప్రభుత్వమే దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. ఒక కారణం, అందులో మరణశిక్ష లేకపోవడం. పథకం వేసిన పెద్దలకు అంతర్జాతీయ జైలు, వాళ్ల మాట విని కత్తి పట్టిన చిన్నవాళ్లకు మా దేశంలో మరణశిక్షా? ఇదేం న్యాయం? అని అడిగింది. అడగడంలో తప్పేముంది? 1998 ఏప్రిల్‌లో 22 మందిని బహిరంగంగా కాల్చి చంపింది కూడా. అదే రువాండా 2007లో మరణశిక్ష రద్దు చేసింది. ఎవరో ఆజ్ఞాపిస్తే కాదు. మరణశిక్ష ఉన్నంతకాలం ట్రిబ్యునల్ గాని, ఐరోపా దేశాలు గాని నిందితులను అప్పగించవు. తమ నేలమీద విచారణ జరగాలంటే ఉరి వదులుకోవాలి. బాధితుల దేశమే ఆ బేరం ఒప్పుకుంది. అబూ సలేం విషయంలో మనం చేసిన బేరమే ఇది, ఇంకా పెద్ద ఎత్తున.

ఇంకొక అభ్యంతరం ఉంది. తెల్లదేశాల పెత్తనం అని. ఇందులో కొంత నిజం ఉంది. ఫ్రాన్సు 1977 దాకా గిలటిన్ వాడింది. మన శిక్షాస్మృతి రాసిపెట్టి వెళ్లిన బ్రిటన్ తన దగ్గర హత్యకు ఉరి ఆపింది 1965లో. నిన్న మానినవాడు ఈ రోజు ఊరందరికీ నీతులు చెబితే ఒళ్లు మండుతుంది. కానీ దారి ఒకవైపే నడవలేదు. 1983 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన తెలుగువారు, వైద్యీశ్వరన్ కేసులో ఒక తీర్పు చెప్పారు. ఉరి ఖాయం చేసి రెండేళ్లకు మించి నిరీక్షణలో ఉంచితే ఆ నిరీక్షణే హింస, శిక్ష యావజ్జీవానికి తగ్గించాలి అని. కొన్ని వారాలకే మరో ధర్మాసనం ఆ రెండేళ్ల గీత ఒప్పుకోలేదు. ఇక్కడ ఆ తీర్పు పక్కకు పోయింది. పదేళ్లకు, 1993 నవంబరులో, జమైకా ఖైదీల కేసు లండన్‌లో, ఆ దేశానికి ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు ఆంగ్లేయ న్యాయమూర్తులు మన తీర్పులను ముందు పెట్టుకుని చర్చించారు. అయిదేళ్లు దాటితే ఉరి తీయకూడదన్నారు. అదే ఆలోచన తిరిగి తిరిగి 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసు రూపంలో మన సుప్రీంకోర్టుకు వచ్చింది. ప్రధానంగా జాప్యం కారణంగా ఒకేసారి పదిహేను మందికి ఉరి తప్పింది. ఇందులో పరాయి చట్టం ఏది, మన చట్టం ఏది?

అయితే ఆ లండన్ తీర్పు తర్వాత కరీబియన్ దీవుల్లో ఏమైందో కూడా చెప్పాలి. బయటి కోర్టులు మా చేతులు కట్టేస్తున్నాయని జనం మండిపడ్డారు. జమైకా, ట్రినిడాడ్ ఖైదీల ఫిర్యాదులు బయటికి వెళ్లే దారులను ఒక్కొక్కటిగా మూసేశాయి. 1999 జూన్‌లో ట్రినిడాడ్ తొమ్మిది మందిని ఉరి తీసింది. అందుకే, రద్దు చేసి తీరాలి అని బయటి నుంచి శాసించడం నాకు సమ్మతం కాదు. రద్దు అన్నది మన చట్టసభలో, మన జనం మధ్య తేలాలి. తేలాక దానికి ఒప్పందం గొళ్లెం వేయాలి. ఫిలిప్పీన్స్ 1987లో రద్దు చేసింది, 1993లో తిరిగి తెచ్చింది, 2006లో మళ్లీ రద్దు చేసి మరుసటి ఏడాది ఆ 1966 ఒడంబడికకు అనుబంధమైన రెండో ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో, అంటే ఉరి వేయబోమని మాట ఇచ్చే ఒప్పందంలో, చేరింది. 2017లో మళ్లీ తేవాలని దిగువ సభ బిల్లు నెగ్గించింది. ఆ ప్రోటోకాల్ నుంచి బయటపడే దారి లేదన్నది ఆ చర్చలో పెద్ద అడ్డంకి అయింది. బిల్లు సెనేట్ దాటలేదు.

మరి నేను కోరేది ఏమిటి? పద్ధతి. ఉరి ఉన్నంతకాలం పద్ధతి మీద బయటి కన్ను ఉండాలి. ఎందుకంటే ఉరి కేసులో ప్రభుత్వమే కక్షిదారు. ఆఖరి క్షణాల్లో ప్రభుత్వమే గడియారం పట్టుకుని నిలబడుతుంది. 2013 ఫిబ్రవరి 9న అఫ్జల్ గురును తీహార్‌లో ఉరి తీశారు. కుటుంబానికి కబురు స్పీడ్ పోస్టులో పంపారు. ఆ ఉత్తరం కాశ్మీర్‌లో ఆయన ఇంటికి చేరేసరికి ఉరి అయి రెండు రోజులైంది. ఆయన నేరం గురించి మీ అభిప్రాయం ఏదైనా కానివ్వండి. ఉత్తరం గురించి చెప్పండి. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు, క్షమాభిక్ష తిరస్కరించిన కబురుకూ ఉరికీ మధ్య 14 రోజులు ఉండాలని రాయాల్సి వచ్చింది. మన చిలకలూరిపేట బస్సు దహనం కేసు తెలుసు కదా, 1993లో 23 మంది సజీవంగా కాలిపోయారు. ఇద్దరు యువకులకు 1997 మార్చి 29న ఉరి అన్నారు. కొన్ని గంటల ముందు ఆగింది. మళ్లీ పెట్టుకున్న క్షమాభిక్ష విజ్ఞప్తి మీద 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్ష తగ్గించారు. ఆ గంటలు లేకపోతే?

2020 మార్చిలో నిర్భయ కేసు దోషుల తరఫున అంతర్జాతీయ న్యాయస్థానానికి అర్జీ పంపారు, గుర్తుందా? చాలామంది నవ్వారు. అక్కడికి దేశాలు మాత్రమే వెళ్లగలవు, మనుషులు వెళ్లలేరు. మనుషులు వెళ్లగలిగిన చోటు మానవ హక్కుల కమిటీ. దానికి అదే ఒడంబడిక మొదటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో దేశం చేరాలి. మనం చేరలేదు. ఇప్పుడు లెక్క చూడండి. పాకిస్తాన్ జైల్లో ఉరి ఎదుట ఉన్న భారతీయుడికి హేగ్ దాకా దారి ఉంది. తీహార్ జైల్లో ఉరి ఎదుట ఉన్న భారతీయుడికి సుప్రీంకోర్టు, రాష్ట్రపతి భవన్ దాటితే దారి లేదు. సొంత పౌరుడికి పరాయి జైల్లో ఉన్న రక్షణ సొంత జైల్లో లేకపోవడం ఏ రకం సార్వభౌమత్వం? ఆ ప్రోటోకాల్‌లో చేరమని అడగాలి. మన ఎంపీలను అడగాలి. ఉరి ఉండాలనేవాళ్లు కూడా అడగవచ్చు, అందులో విరోధం ఏమీ లేదు.

అది జరిగేదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే నల్లకోటు వేసుకున్నవారికి. ఎప్పుడో ఒకప్పుడు మీ ముందుకు ఒక నేపాలీ, ఒక బంగ్లాదేశీ, ఒక నైజీరియన్ ముద్దాయిగా వస్తాడు. బెయిలు దరఖాస్తు రాయడానికి ముందే ఒక ప్రశ్న అడగండి. అరెస్టు చేసినప్పుడు మీ దౌత్య కార్యాలయంతో మాట్లాడవచ్చని నీకెవరైనా చెప్పారా? చెప్పలేదంటే 36వ అధికరణం పేరుతో ఒక మెమో వేసి, మేజిస్ట్రేటు చేత రికార్డులో రాయించండి. అక్కడ జాదవ్ కోసం మనం అడిగింది ఇదే.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను.